ఎదురు దీపం

మెసేజ్ 1

కాదు, దీపం బరువు కాదు. పిడికిట్లో పట్టేంత ఇత్తడి దీపం, చుట్టూ జాలీ, లోపల వేలిగోరంత మంట. మా వాడలో నడక నేర్చిన పిల్లలు కూడా దాన్ని మోయగలరు. నేను మోయలేనిది దాంతో పాటు వచ్చే పని.

నా పేరు ఓదెలు. తీగ మీద వేరే బాయిలకి, అంటే వేరే గనులకి, మాటలు పంపే వైరు పెట్టె ముందు కూర్చుని వేళ్ళతో కొడుతున్నాను. ఇది ఏ బాయికి పోతుందో, అటువైపు ఎవరైనా చదువుతారో లేదో నాకు తెలియదు. అందుకే రాయగలుగుతున్నాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది, తప్పులుంటే సర్దుకోండి.

ఈ రోజు హాజరు హాల్లో చీటీ తీశారు. చీటీ అంటే మా దగ్గర కాగితం కాదు. సంచి నిండా బొగ్గు బెడ్డలు ఉంటాయి, ఒక్కదానికి సున్నం పూసి ఉంటుంది. పదహారు దాటినవాళ్ళు అందరూ చెయ్యి పెట్టాలి. నేను పెట్టడం ఇదే మొదలు. బయటికి తీసి చూస్తే వేళ్ళకి తెల్లగా అంటుకుంది.

సున్నం బెడ్డ వచ్చినవాళ్ళు ఎదురు దీపం పట్టాలి. సభ ఏది తేల్చబోయినా దాన్ని కాదని ఒకరు మాట్లాడాలి, తనకి ఇష్టం ఉన్నా లేకున్నా. దీపం వెలుగుతున్నంతసేపూ ఏదీ తేలినట్టు కాదు. పట్టుకున్నవాళ్ళే వత్తి దించి ఆర్పాలి, ఇంకొకరు ముట్టకూడదు. వెనకటికి ఇక్కడ బొగ్గు తవ్వే రోజుల్లో, అందరికంటే ముందు ఒకడు దీపం పట్టుకుని పోయి గాలిలో విషం ఉందో లేదో చూసి వచ్చేవాడట. పైన ఎండకి మనుషులు నిలవలేక ఈ సొరంగాల్లోకి దిగినప్పుడు, మన మాటల్ని కూడా అట్లాగే చూసుకోవాలని మా పెద్దలు పెట్టుకున్నారు.

ఈసారి తేల్చబోయేది ఏమిటంటే, కింది తలుపు మూసి దానికి గోడ కట్టెయ్యడం. ఆ తలుపు అవతల తీరపోళ్ళు ఉంటారు. సముద్రం వాళ్ళ ఊళ్ళమీదికి వచ్చినప్పుడు పారిపోయి వచ్చి కింది సొరంగాల్లో దిగారు. వాళ్ళ దగ్గర్నుంచి మాకు పొగ వస్తోంది.

నిజం చెప్పాలంటే, ఆ తలుపు మూసెయ్యాలని నాకూ ఉంది.

మెసేజ్ 2

మా ఇల్లు వరసలో చివరిది. మా వెనకగోడ అవతల పాత గనులు, బొగ్గు తీసేసి వదిలేసినవి. అటు ఎవరూ పోరు. మా పక్కనుంచే పైకి పోయే వాలు దారి మొదలవుతుంది.

చివరి ఇల్లంటే ముందు ఎవరూ తీసుకోలేదు, చెమ్మ అని. ఇప్పుడు అందరూ మా అమ్మని చూసి కుళ్ళుకుంటారు. ఎందుకంటే మా వెనకగోడ వెచ్చగా ఉంటుంది. బట్టలు దాని మీద ఆరేస్తే షిఫ్టు మారేలోపు ఎండిపోతాయి. అట్లపిండి గిన్నె గోడకి ఆనించి పెడితే చాలు, మూత లేపుకుని పొంగుతుంది. మా అమ్మ కొమురమ్మ ఆ అట్లమ్మే నన్ను పెంచింది. నాన్న లేడు.

పొద్దున నీళ్ళ వరసలో నిలబడితే అందరి చూపూ నా మీదే.

"ఏం ఓదీ, ఎదురు మాట్లాడుతవంట గదా. ముందుగాల మాట్లాడుడు నేర్చుకుంటివా?" అన్నాడు చంద్రయ్య. నల్లా దగ్గర కాపలా ఉంటాడు, అందరి మీదా జోకులేస్తాడు.

నేను బిందె వంక చూస్తూ నిలబడ్డాను.

"పొల్లగాడు సిగ్గుపడ్తుండు. ఓదీ, పెండ్లి కాదురా, సభనే."

అందరూ నవ్వారు. నవ్వుతూనే దగ్గారు. పొగ ఇప్పుడు నీళ్ళ వరస దాకా వస్తోంది. గాలి కోసం షిఫ్టుకోసారి కింది తలుపు తెరుస్తారు. తెరవగానే వాడంతా మాడిన వాసన. మూస్తే తగ్గుతుంది. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. తీరపోళ్ళు చేపలు కాలుస్తారనీ, పడవ చెక్కలు తగలబెడతారనీ అంటారు. చేపలు ఎక్కడినుంచి తెస్తారని ఎవరూ అడగరు.

మణికట్టుకి ఉన్న పట్టీల గురించి చెప్పాలి. మీ దగ్గర ఉన్నాయో లేవో. అది నాడి చూసి మనం లోపల ఏమనుకుంటున్నామో చెబుతుంది. సభ ముందుకి వచ్చిన మాటకి ఒప్పుకుంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు. పట్టీలు వచ్చాక సభల్లో అరుపులు పోయాయి, కొట్లాటలు పోయాయి. హాల్లో పెద్ద బల్బు ఒకటి ఉంటుంది, అందరివీ ఆకుపచ్చ అయితే అదీ ఆకుపచ్చగా వెలుగుతుంది. ఎరుపు కనబడి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు. నేనైతే చూడలేదు. తీరపోళ్ళకి పట్టీలు ఇంకా ఇవ్వలేదు, కాబట్టి వాళ్ళ సంగతి బల్బుకి తెలియదు.

నాది కూడా ఆకుపచ్చే. నాకు ఒక అనుమానం ఉంది. భయపడినా ఆకుపచ్చే వస్తుందేమో.

మెసేజ్ 3

రాజలింగు కాక పిలిచి ఒక పలక ఇచ్చాడు. ఆయన మా బాయి సర్దారు, అంటే సభ నడిపించే పెద్ద. మంచోడే. నాన్న పోయినప్పుడు మా ఇంటికి బియ్యం మోసుకొచ్చింది ఆయనే.

"భయపడకు బిడ్డా. యంత్రమే రాసిచ్చింది. చూసి చదివెయ్, దీపం ఆర్పెయ్, ఇంటికి పో. గంతే."

ఇప్పుడు అట్లాగే చేస్తున్నారట. ఎదురు మాటని కూడా పట్టీల లెక్క చూసే యంత్రమే రాస్తుంది. పలక మీద ఇట్లా ఉంది: 'గోడ కట్టుటకు శ్రమ అగును. శ్రమ అయినను మేలు అధికము కనుక అభ్యంతరము ఉపసంహరించడమైనది.' చదివి చూసుకున్నాను. 'ఉపసంహరించ' దగ్గర నాలుక మడతపడింది. మళ్ళీ చదివాను. మళ్ళీ మడతపడింది. హాలు నిండా జనం ముందు ఆ మాట దగ్గర ఆగిపోతానని తలుచుకుని, పలక పట్టుకుని బయటికి వచ్చేశాను.

నీళ్ళ తొట్టి వెనక కూర్చుని ఆ మాటే నమలుతుంటే పోశవ్వ చూసింది. బాయిలో అందరికంటే ముసల్ది. పాతకాలంలో గాలి ఫ్యాను దగ్గర పని చేసిందట.

"ఏం గొణుగుతున్నవ్ రా?"

పలక చూపించాను. చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. ఆమె మూతి తిప్పింది.

"గదేం ఎదురు మాటరా, చెప్పినట్టే తలకాయ ఊపుడు గదా. మా కాలంల దీపం పట్టినోడు ముందు గాలి చూసి రావాలె. ఏడికి సంబంధించిన మాటనో ఆడికి పోయి, ఆడ దీపం ముట్టియ్యాలె. ఆడ ఉన్నోళ్ళ మాట ఇని, ఆ మాటే తెచ్చి చెప్పాలె. ఇంట్ల కూసోని చెప్తే అది ఎదురు మాట ఎట్లయితది?"

"అవ్వా, మరి ఇప్పుడెవ్వరు పోతలేరు గదా?"

"నన్నడుగుతవేందిరా. నాది గూడ ఆకుపచ్చనే ఉన్నది." మణికట్టు చీరకొంగు కిందికి లాక్కుంది.

అక్కడికి పోవాలంటే భయమే. కానీ పోతే ఆ పలక చదవాల్సిన పని ఉండదు. వాళ్ళు ఏదో ఒకటి చెబుతారు, చిన్న మాటల్లో చెబుతారు, నేను దాన్నే చెప్పి ఆర్పేస్తాను. నేను పోయేది దీనికే. వాళ్ళ మీద జాలితో కాదు. ముందే చెబుతున్నాను.

మెసేజ్ 4

పోయి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తలుపు కాపలావాడు దీపం చూసి ఏమీ అనలేదు, తెరిచాడు. దీపం ఉన్నవాణ్ణి ఆపకూడదు. మెట్లు దిగేముందు దీపం ముట్టించాను. దిగుతుంటే గోడల మీద నా నీడ నా వెనకే దిగింది. కింద మనుషుల చప్పుడు, రాళ్ళు పేర్చే చప్పుడు. మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా నడుం ఎత్తు గోడ. వాళ్ళూ కడుతున్నారు.

గోడ వెనక నుంచి ఒక పెద్దమనిషి లేచాడు. చేతిలో రాయి ఉంది. పేర్చడానికో విసరడానికో తెలియలేదు.

"ఏటి గుంటడా, పొగెట్టింది సాల్లేదని దీపంకూడా అట్టుకొచ్చీసినావా?"

దీపం ఎత్తి చూపించాను. అది తెల్లజెండా ఏమీ కాదు, నాకు తోచింది అదొక్కటే.

ఆయన పేరు నూకరాజు. వాళ్ళ వీధికి ఆయనే పెద్ద. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "ఓలమ్మ, పిల్లోడు వొణికిపోతన్నాడు, కూకోబెట్టండి ముందు" అంది. నీళ్ళిచ్చారు. ఆ నీళ్ళు తాగాక చిన్నగా అడిగాను, మీరు పొగ ఎందుకు పెడుతున్నారని.

నూకరాజు చేతిలో రాయి కింద పెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఇన్నారా? మావు పెడతన్నావంట" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. లోపల ఒక పసిపిల్ల దగ్గుతోంది, మా వాడ దగ్గు లాంటిదే.

"మీరే గదా బాబూ పెడతన్నారు. మమ్మల్ని ఎల్లగొట్టడానికి. తలుపు తీసినప్పుడల్లా గుప్పుమని మా మీదికొస్తాది. మావు కాల్సడానికి ఇక్కడేటున్నాది, రాళ్ళా? అందుకే గోడెడతన్నాం. మీ గాలొద్దు, మీ పొగొద్దు. సెప్పీ మీ సర్దారుకి."

"మాకు గూడ తెరిచినప్పుడే వస్తది" అన్నాను. అక్కడ నేను మాట్లాడిన పెద్ద మాట అదే.

"తెరిస్తే మీకెలాగొస్తాది? గాలి అటునుంచి ఇటు గదా."

"కాదు."

"సూడు మరి. నీ సేతిలో దీపం ఎటేపు ఒరుగుతంది?"

చూశాను. పైన తలుపు ఇంకా తెరిచే ఉంది. జాలీ లోపల మంట పక్కకి ఒరిగి ఉంది. నా వైపు నుంచి, అంటే మా వాడ వైపు నుంచి, వాళ్ళ లోపలికి. చెయ్యి అడ్డం పెట్టాను. తిరిగి నిలబడ్డాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎక్కడ పెట్టినా అటే. పొగ బయటికి పోయే నిలువు సొరంగం వాళ్ళ వైపే ఉంది, గాలి అక్కడికే పోతుంది.

అంటే వాళ్ళ దగ్గర్నుంచి మా దగ్గరికి ఏదీ రాదు, రాలేదు.

"మీరు మంట పెట్టకపోతే మరెవుడు పెట్టినాడు?" అని నూకరాజు అడిగాడు. ఈసారి కోపంగా అడగలేదు. నేను మెట్లెక్కేశాను. దారంతా మంట నా పొట్టవైపే ఒరుగుతూ వచ్చింది, వెనక్కి పొమ్మన్నట్టు.

మెసేజ్ 5

ఇంటికి వచ్చేసరికి అమ్మ అట్లు పోస్తోంది. కింది తలుపు ఇంకా మూయలేదు. నేను దీపం పట్టుకుని వాడ మొదట్నుంచి నడిచాను, మంట ఎటునుంచి వంగుతోందో చూస్తూ. పొగ వాసన ఎక్కువయ్యే వైపు నడిచాను. వరసలో ఇళ్ళు అయిపోయాయి. మా గుమ్మం వచ్చింది.

లోపలికి వెళ్ళి వెనకగోడ మీద ఆరేసిన బట్టలు తీశాను. అమ్మ చీర అంచు ఒకచోట గోధుమరంగుకి మారి ఉంది. గోడ మూల నెర్రెలో నుంచి దారంలా పొగ, తలుపు వైపు పోతోంది. అరచెయ్యి ఆనించాను. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేలోపే తీసేయాల్సి వచ్చింది.

అట్లపిండి గిన్నె గోడకే ఆని ఉంది. మూత లేచి ఉంది.

"బట్టలెందుకు తీసినవ్?" అంది అమ్మ వెనకనుంచి.

"అమ్మా, గోడ కాలుతంది."

ఆమె చేతిలో గరిటె ఆగింది. ఆశ్చర్యపోలేదు. నాకు అప్పుడు అసలు భయం వేసింది.

"వెచ్చగుంటది. ఎప్పటి సందో ఉన్నదే" అంది.

"పొగ ఈడికెల్లే వస్తంది. కిందికెల్లి కాదు. నేను పోయి చూసిన."

"నువ్వు కిందికి పోయినవా?"

తల ఊపాను. ఆమె పొయ్యి ఆపి వచ్చి నా ముందు కూర్చుంది. గొంతు బాగా తగ్గించింది.

"ఇను. గోడ అవతల మంటున్నదని తెలిస్తే ఫస్టు మన ఇల్లే ఖాళీ చేపిస్తరు. ఏడికి పంపుతరు? కింద తీరపోళ్ళ నడుమకే. అట్లు ఎవరు కొంటరు? ఇంత కష్టపడి నిలబడ్డం. గా తలుపు మూసేస్తే పొగ ఆగుతది, అందరు చెప్తున్నరు. నువ్వు పలక చదివి ఆర్పెయ్ కొడుకా."

"తలుపు మూస్తే పొగ పోయేది ఏడికమ్మా?"

ఆమె నా చెయ్యి వంక చూస్తోంది. నేనూ చూశాను. నా పట్టీ ఎర్రగా ఉంది.

ఎరుపు ఎట్లా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. బొగ్గు నిప్పు లాగా కాదు, కోసుకున్న వేలి లాగా ఉంది. అమ్మ తన కొంగు చింపి నా మణికట్టుకి చుట్టింది, గట్టిగా, దెబ్బకి కట్టినట్టు. గుడ్డలోంచి కూడా కనబడుతోంది.

సభ మొదలవబోతోంది. బెల్లు కొట్టారు. ఇక పోవాలి. ఈ మెసేజ్ ఎవరికైనా అందితే, అందిందని ఒక్కసారి మోగించండి చాలు. ఇప్పటిదాకా ఏదీ మోగలేదు.

మెసేజ్ 6

హాలు నిండింది. అందరి మణికట్లూ ఆకుపచ్చ. చీకట్లో తోట పెరిగినట్టు. పెద్ద బల్బు మాత్రం ఆకుపచ్చ కాలేదు, ఆరిపోయి ఉంది. ఒకడి వల్ల. ఎవడివల్లో వెతుక్కుంటూ జనం పక్కవాళ్ళ చేతులు చూస్తున్నారు. నా గుడ్డకట్టు చూడగానే ముందు వరస వెనక్కి జరిగింది, నాకు అంటురోగం ఉన్నట్టు.

రాజలింగు కాక నన్ను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి పలక చేతికిచ్చాడు. "చదువు బిడ్డా."

"గోడ కట్టుటకు శ్రమ అగును" అన్నాను. అంతే వచ్చింది. తర్వాత మాట కనబడుతోంది, నోటికి రావడం లేదు. ఎవరో దగ్గారు. దీపం నా ఒళ్ళో వెలుగుతూనే ఉంది.

"మిగిలింది నేను చదువుతలే, నువ్వు ఆర్పెయ్" అన్నాడు కాక నెమ్మదిగా.

నేను ఆర్పలేదు. ధైర్యం ఉండి కాదు. వేళ్ళు వత్తి దించే మర దగ్గరికి పోలేదు, అంతే.

"నేను కిందికి పోయొచ్చిన" అన్నాను.

గోల లేచింది. "ఎవరు పొమ్మన్నరు?" "కాపలా ఎట్ల వదిలిండు?" చంద్రయ్య వెనకనుంచి, "చేపల పులుసు పెట్టిన్రారా ఓదీ? గందుకే నోరొచ్చింది" అన్నాడు. నవ్వులు. పోశవ్వ కర్రతో నేల మీద కొట్టింది.

"దీపం పట్టినోడు చెప్పేదాక ఎవ్వరు మాట్లాడొద్దు. కట్టుబాటు మర్సిన్రా? ఏమన్నర్రా వాళ్ళు, చెప్పు."

అప్పుడు చెప్పాను. నాకు వచ్చినట్టే చెప్పాను, ముక్కలు ముక్కలుగా. వాళ్ళు మనమే పొగ పెడుతున్నామంటున్నారని, వాళ్ళ పిల్లలు కూడా దగ్గుతున్నారని, వాళ్ళూ గోడ కడుతున్నారని, దీపం అటే ఒరిగిందని. నా మాటలు అయ్యాక ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒప్పుకోనూ లేదు.

రాజలింగు కాక నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఓదెలూ, నేనొకటి అడుగుత. తెరిస్తే పొగొస్తది. మూస్తే ఆగుతది. ఇది ఇక్కడున్న అందరు చూసినరు, నేనూ చూసిన. ఇంతమంది కండ్లు తప్పయితయా?"

ఆయన చూసింది అబద్ధం కాదు. నేను చూసిందీ అబద్ధం కాదు. రెండూ ఒకేచోట ఎట్లా పడతాయో నాకు తెలియలేదు. దీపం వంక చూస్తూ కూర్చున్నాను.

"తప్పు కాదు రాజలింగూ" అంది పోశవ్వ. "కిటికీ తెరిస్తే కదా ఇంట్ల పొగ కదిలేది. కింది తలుపు తెరిస్తే గాలి మన వాడకెల్లి అటు గుంజుకుంటది. మన దగ్గర ఏడనో ఉన్న పొగ మన ముక్కు ముందునుంచి అటు పోతది. మనం దాన్ని అటుకెల్లి వచ్చిందనుకున్నం. మూస్తే ఆగుతలేదు. ఉన్నకాడనే కూసుంటంది."

"నీకు తెల్సుంటే మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే అవ్వా?" అన్నాడు కాక.

"అనుమానమే ఉండె, తెల్వది. అందరివి ఆకుపచ్చ ఉన్నయి. ఇంతమందికి తోచనిది ముసల్దాన్ని నాకెట్ల తోస్తదనుకున్న." ఆమె కొంగు తీసింది. పట్టీ ఆకుపచ్చగానే ఉంది. ఆమె దాన్ని అసహ్యంగా చూసింది. "ఇది గూడ నా తీర్గనే భయపడ్డది."

ఎవరో ఒకాయన లేచి, తనకి కూడా పొగ పై వైపు నుంచి వస్తున్నట్టు అనిపించేదని, చెబితే నవ్వుతారని ఊరుకున్నానని అన్నాడు. ఇంకొకామె అట్లా కాదు, తన ఇంట్లో కింది వైపు నుంచే వస్తుందని వాదించింది. గట్టిగా వాదించింది. ఇద్దరూ అరుచుకున్నారు. ఆ హాల్లో అరుపులు వినడం నాకు ఇదే మొదలు. పిల్లలు ఏడ్చారు.

"ఏడనో అంటే ఏడ?" అని అడిగాడు రాజలింగు కాక, అరుపుల మధ్య నన్నే. "మన దగ్గరుంటే ఏడున్నట్టు?"

నేను చెప్పాలి. దీపం పట్టినవాడు చూసింది దాచకూడదు. ఆడవాళ్ళ వరసలో అమ్మ కూర్చుని ఉంది. నేను ఆమె వైపు చూడకుండా ఉండలేకపోయాను. నోరు తెరిచాను. రాలేదు. ఈసారి సిగ్గు వల్ల కాదు.

అమ్మే లేచి నిలబడింది.

"మా ఇంట్లనే" అంది. "మా ఎన్క గోడ. చెయ్యి పెడితే కాలుతంది. పిండి జల్ది పొంగుతందని నేనే ఎవ్వరికి చెప్పలే. ఇల్లు పోతదని చెప్పలే." చుట్టూ చూసింది. "మీరందరు తిన్నరు గదా ఆ అట్లు."

అప్పుడు నేను వత్తి మర మీద వేలు పెట్టాను. రాజలింగు కాక నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడే ఆర్పకు" అన్నాడు. ఆయన మణికట్టు మీద రంగు మారుతోంది. ఆకుపచ్చ కాదు, ఎరుపూ కాదు. అట్లాంటి రంగు పట్టీకి ఉందని ఎవరికీ తెలియదు.

మెసేజ్ 7

గోడకి చిన్న కన్నం పెట్టి చూశారు. లోపల ఎంత దూరం కాలుతోందో కనబడలేదు, ఎర్రగా ఉంది అంతే. కన్నం వెంటనే మట్టితో పూడ్చారు. ఇసుక, మట్టి మోస్తున్నారు. ఆపగలమో లేదో ఎవరూ చెప్పడం లేదు. పైకి పోయే వాలు దారి మా గోడ పక్కనుంచే కాబట్టి అది పొగతో నిండిపోయింది. ఇక మాకు మిగిలిన దారి కింది తలుపే. మూసి గోడ కట్టాలనుకున్న తలుపే.

ఆ తలుపు అవతల మెట్ల మలుపులో వాళ్ళ గోడ ఇప్పుడు ఛాతీ ఎత్తు ఉంది.

రాజలింగు కాక, నేను, ఇంకో ఇద్దరూ పోయాం. కాక గోడ ఇవతల నిలబడి చేతులు జోడించాడు. ఆయన చేతులు జోడించడం నేను ఎప్పుడూ చూడలేదు. మా ఆడవాళ్ళని, పిల్లల్ని ముందు రానివ్వమని అడిగాడు. నూకరాజు విన్నాడు. లోపలికి చూసి, మా వైపు చూసి, "నేనొక్కణ్ణీ సెప్పీసేది కాదిది. అందర్నీ అడగాల" అన్నాడు.

వాళ్ళకి పట్టీలు లేవు. చేతులు ఎత్తి తేలుస్తారట. వెనకనుంచి గొంతులు వినబడుతున్నాయి. "ఆళ్ళు మన మీద గోడెట్టబోయినోళ్ళే గదా?" "పొగతో పాటు ఆళ్ళూ వొస్తారు." ఒకామె, "మన పిల్లలకే సాలని గాలి" అంది. తప్పేం కాదు ఆమె అన్నది. మేం అక్కడ ఉంటే మేమూ అదే అనేవాళ్ళం. అన్నాం కూడా.

నా దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు. దీపాన్ని రాళ్ళ పైనుంచి అందించాను. ఇంకా వెలుగుతోంది, ఎవరం ఆర్పలేదు. దీన్ని ఎట్లా పట్టుకోవాలో నూకరాజుకి చెప్పాను. ఎంతమంది కాదన్నా, ఆర్పేదాకా ఒకరు ఎదురు మాట్లాడాలి, అవతలివాళ్ళ మాట చెప్పాలి అని. నేను అంత పొడుగు మాట్లాడటం చూసి రాజలింగు కాక నా భుజం మీద చెయ్యి వేశాడు.

నూకరాజు దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే నాకిట్టం లేకపోయినా, మీ తరపున నేనే సెప్పాలా?"

"ఔ" అన్నాను.

"నాకిట్టం లేదు మరి. సెప్తన్నాను ముందే."

"నాకు గూడ లేకుండె" అన్నాను.

ఆయన దీపం తీసుకుని లోపలికి వెళ్ళాడు. వెలుగు మలుపు తిరిగి పోయింది. మేం చీకట్లో కూర్చున్నాం, మెట్ల మీద. పైన అమ్మ, పోశవ్వ, చంద్రయ్య, పిల్లలు, అందరూ గుడ్డలు ముక్కులకి కట్టుకుని వరసగా. చంద్రయ్య జోకులు వెయ్యడం లేదు. పొగ మా వెనకనుంచి వస్తోంది, మా మీదుగా అటే పోతోంది.

నేను పరుగెత్తి వైరు పెట్టె దగ్గరికి వచ్చి ఇది కొడుతున్నాను. పెట్టె మెట్ల దగ్గరే ఉంది, లోపలి గొంతులు ఇంకా వినబడుతున్నాయి. ఎక్కువగా ఒకే మాట, అందరూ ఒకే మాట. మధ్యలో ఒక్క గొంతు వేరేగా ఉందా లేదా అని చెవి పెట్టి వింటున్నాను. నూకరాజు గొంతు నాకు ఇంకా సరిగ్గా గుర్తుపట్టడం రాదు.

ఇది చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్కటి చెప్పండి. మీ బాయిలో కూడా ఎక్కడో ఒక తలుపు ఉంటుంది కదా. అది మూసేటప్పుడు, అవతల చీకట్లో కూర్చున్నవాళ్ళ మాట మీలో ఎవరు మాట్లాడతారు?